పొలాల అమావాస్య నాడు కాడి ఎవరు మోశారు

పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు నేను బోధన్ దగ్గర ఒక మండలంలో పశువైద్య సహాయ సర్జన్‌గా పనిచేశాను. హోదా పేరులో సహాయం ఉంది గాని, మనకు సహాయం చేసేవాడు మాత్రం ఉండడు. సూది వేసేదీ మనమే, కట్టు కట్టేదీ మనమే. శ్రావణం చివర్లో, పొలాల అమావాస్య నాడు జరిగిన సంగతి ఇది. అది మా వైపు ఎడ్ల పండుగ. ముందురోజు సాయంత్రం ఎడ్ల మెడలకు పసుపు, నెయ్యి కలిపి మర్దన చేస్తారు. మరునాడు కడిగి, కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తారు. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు.

ఊరందరికీ పండుగ, మా పశువైద్యులకు మాత్రం భయం. ముందురోజు నుంచే ప్రేమ ఎక్కువై జొన్నరవ్వతో వండిన గటుక, బొబ్బట్ల లాంటి పోలెలు, బెల్లమన్నం గంపలకొద్దీ తినిపిస్తారు. గడ్డి అరిగించుకునే పొట్టలో అంత పిండి పడితే పులిసిపోతుంది. ఒంట్లో నీళ్లన్నీ పొట్టలోకి చేరి రక్తం చిక్కబడుతుంది. దీన్ని మేం అసిడోసిస్ అంటాం. మొదట్లోనే తినే సోడా నీళ్లలో కలిపి పట్టిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆలస్యమైతే ఎడమ డొక్క కోసి, పులిసిందంతా చేత్తో తోడాల్సిందే.

గంగారెడ్డి అనే పసుపు రైతు నన్ను పిలిపించేసరికి ఆలస్యమైపోయింది. అతనికి ఉన్నది ఒక్కటే జత, ఎర్రోడు, మైలోడు. మైలోడు అతని కొట్టంలోనే పుట్టిన దూడ. నేను వెళ్లేసరికి అది పళ్లు కొరుకుతోంది, కళ్లు లోపలికి పీక్కుపోయాయి. డొక్క నొక్కితే లోపల నీళ్లు గలగలమన్నాయి. వాన పడుతుంటే ఆ బురద కొట్టంలో పొట్ట కొయ్యడం కుదరదు. బోధన్‌లో ఆపరేషన్‌కు ఏర్పాటుంది, అక్కడికి తీసుకుపోదామన్నాను. సలీం అనే డ్రైవరు పికప్ తెచ్చాడు. చుట్టుపక్కల కొట్టాల రైతులతో కలిసి నెట్టి ఎక్కించాం. ఎక్కీ ఎక్కగానే మైలోడు కూలబడ్డాడు. దించితే మళ్లీ లేవడని నాకు అర్థమైంది.

తారు రోడ్డు కంటికి కనబడుతూనే ఉంది. దానికి ఇవతల చెరకు తోటల మధ్య బండ్ల బాట, అంతా నల్లరేగడి. తడిసిన రేగడి చక్రానికి అంటుకుని వదలదు, అడుగున మాత్రం సబ్బులా జారుతుంది. పికప్ వెనక చక్రాలు దిగబడ్డాయి. సలీం కంగారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. చక్రం తిరిగినకొద్దీ గుంత లోతై, బండి అడుగు మట్టికి ఆనింది.

“ఆపు సలీం భాయ్! బావి తవ్వుతున్నవా?” అని అరిచాను.

“క్యా కరూఁ సార్, బండి మాట ఇంటలేదు,” అన్నాడు పాపం.

నాకు కాలు ఒకచోట నిలవలేదు. పైకెక్కి మైలోడికి పెట్టిన సెలైన్ సీసా చూడటం, డొక్క తట్టడం, దిగి చక్రాల దగ్గర వంగడం. డొక్క ఉబ్బుతోంది. నోట్లోంచి గొట్టం దించి గాలి తీశాను. కింద సలీం టైర్లలో కొంత గాలి తగ్గించాడు, నేల మీద ఎక్కువ మేర ఆనుతాయని. రైతులు చక్రాల ముందు బురద తోడి ఎండిన చెరకు ఆకు పరిచారు. ముందు కొక్కేనికి తాడు కట్టి లాగారు. తడి తాడు చేతుల్లో జారిపోయింది. ట్రాక్టర్లేమో వాగు అవతల ఊళ్లో ఉండిపోయాయి, వాగు పొంగింది.

ఇవతల కొట్టాల్లో మాత్రం ఎడ్లున్నాయి, రంగుల కొమ్ములతో. రెండు జతలు కట్టమన్నాను. ఎవ్వరూ కదల్లేదు.

“వద్దు సార్. గియ్యాల కాడి వెట్టద్దు,” అన్నాడు గంగారెడ్డి. అతని కళ్లు పికప్ మీదే ఉన్నాయి.

నాకు కోపం నషాళానికెక్కింది. “నీ ఎద్దు పానం పోతున్నదయ్యా!” అన్నాను.

“నాకు ఎరుక లేదా సార్?” అని ఏడ్చేశాడు.

అప్పుడు అతని తల్లి రాజవ్వ కొట్టంలోంచి కాడిని ఈడ్చుకుంటూ వచ్చింది. “ఏందిర గీ లొల్లి? ఎడ్ల మెడ మీద వెట్టద్దన్నరు గని, మీ మెడల మీద వెట్టద్దని ఎవలన్నరు? ఏడాదంత అవ్వి మోసినయ్. గియ్యాల మీరు మొయ్యుండ్రి!”

ఒకడు కిసుక్కున నవ్వాడు. గంగారెడ్డి నవ్వలేదు, వెళ్లి కాడి కింద మెడ పెట్టాడు. అతని పక్కన ఇంకొకరు, వెనక ఇంకో కాడి. తాడు కాడికి కట్టడంతో జారడం ఆగింది, బరువంతా భుజాలకు పట్టింది. “రెండో గేరు, మెల్లగ!” అన్నాను సలీంతో. మొదటిసారి చెరకు ఆకు మాత్రమే ఎగిరింది. రెండోసారి రాజవ్వ “హై! హై!” అని ఎడ్లను అదిలించినట్టే కొడుకుని అదిలించింది. బండి ఊగింది, ఆగింది, మళ్లీ ఊగి గుంత ఎక్కింది. రోడ్డు చేరేదాకా ఒక్కడూ కాడి దించలేదు. భుజాలు చీరుకుపోయాయి. “నెయ్యి మిగిలింది, రాస్త రాండ్రి,” అని రాజవ్వ వెనక నుంచి కేకేసింది.

బోధన్‌లో డొక్క కోశాను. పుల్లటి వాసన గుప్పుమంది. మోచేతి పైదాకా చెయ్యి పెట్టి గటుక, పోలెల ముద్దలు తోడుతుంటే గంగారెడ్డి మైలోడి తల పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటి రైతులకు చెప్పడానికి నా దగ్గర ఒక తిట్ల దండకం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మొదలుపెట్టబోయాను.

“గిదంత నేనే తినవెట్టిన సార్,” అన్నాడు. “నిన్న మూతి తిప్పుకున్నది. పండుగ పూట ఉపాసం ఉంటవా అని బతిమిలాడి తినవెట్టిన.”

దండకం పక్కనపెట్టి మళ్లీ డొక్కలో చెయ్యి పెట్టాను.

మైలోడు కొన్నాళ్లకు నెమరు వేశాడు. నెమరు మొదలైతే మా లెక్కలో ఎద్దు దక్కినట్టు. అయితే ఆ ఏడు దుక్కికి పనికిరాలేదు.

అంతకుముందు ఏటా పండుగకు ముందు ఊళ్లలో తిరిగి, ఎడ్లకు పిండివంటలు పెట్టొద్దని చెప్పేవాణ్ని. తలలూపేవారు, పెట్టేవారు. పెట్టొద్దంటే వాళ్లకు ప్రేమించొద్దన్నట్టు వినబడుతుందని నాకు తోచలేదు. ఆ ఏడాది తర్వాత మాట మార్చాను. పూజ చేయండి, ఒక్క పోలె మీ చేత్తో పెట్టండి, ఎద్దు మూతి తిప్పుకుంటే దానికి పండుగ అయిపోయిందని తెలుసుకోండి అని చెప్పాను. ఆ మాట విన్నారు.