కడగొద్దన్న మేస్త్రి

మేస్త్రి పోయాడన్న సంగతి నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. చిత్తూరులో టైర్లకు గాలి పట్టించుకుంటుంటే అంగడాయన మాటల మధ్యలో చెప్పాడు, ఏదో బస్సు టైము మారిందని చెప్పినంత మామూలుగా. నిద్రలోనే పోయాడట. వేలూరు రోడ్డులో ఆయన బండ్లు బాగుచేసే షెడ్డు ముందు పాడెను కాసేపు దించి, తర్వాత తీసుకెళ్ళారట. నాకెందుకు చెప్పలేదని ఆ అంగడాయన మీద ఎగిరాను. పాపం, నేనెవరో మేస్త్రికి ఏమవుతానో ఆయనకేం తెలుసు. నా కోపం ఎప్పుడూ ఇంతే, తగలాల్సిన చోట తగలదు. ఒక వేసవంతా ఆ మేస్త్రి మీద కూడా ఇలాగే ఎగిరాను. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. మాది పూతలపట్టు పక్కన పల్లె. అమ్మకు కిడ్నీలు రెండూ చెడిపోయి, సోమవారం, గురువారం వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాల్సి వచ్చేది. తొమ్మిదింటికల్లా ఆమె అక్కడ మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు కూర్చోలేక వెనక సీట్లో పడుకునేది, దారిలో వాంతులు చేసుకునేది. బస్సు ఊసే ఎత్తడానికి లేదు. బాడుగ కారు దొరికిన రోజు దొరికేది. మిగిలిన ఆశంతా మా నాయన వదిలిపోయిన పాత డీజిల్ కారు మీదే. ఆ కారు సరిగ్గా అప్పుడే నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

రేడియేటర్ నిండా పోసి బయలుదేరితే చిత్తూరు దాటేసరికి వేడి ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. బండి పక్కకు ఆపి, చల్లారేదాకా నిలబడి, మూత తీసి చూస్తే సగం ఖాళీ. ఎక్కడైనా కారుతోందా అంటే కింద చుక్క లేదు. గొట్టాలు తడిమితే పొడి. ఆయిల్లో కలుస్తున్నాయా అంటే అదీ లేదు. పోసిన నీళ్ళు ఏమైపోతున్నాయో తెలియకపోతే మనిషికి పిచ్చి లేస్తుంది. నాకు లేచింది.

ఒక గురువారం సరిహద్దు చెక్‌పోస్టు దాటగానే ఆగిపోయి, మేం చేరేసరికి పదిన్నర. మంచం పోయింది. మర్నాడు రమ్మన్నారు. తెల్లారేసరికి అమ్మ మొహం ఉబ్బిపోయింది, మాట మాటకీ ఆయాసం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇలా ఇంకో రెండుసార్లు జరిగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని, అప్పుడు తన చేతిలో పెద్దగా ఏమీ ఉండదని చెప్పాడు. కారులోంచి పోయే నీళ్ళు దొరకవు, అమ్మ ఒంట్లో చేరే నీళ్ళు పోవు. ఆ వేసవిలో నా బతుకు అది.

అలాంటి రోజుల్లో ఎవరో చెబితే అమ్మను వెంటబెట్టుకుని మేస్త్రి దగ్గరికి పోయాను. నల్లగా, సన్నగా, మాటకు కరువొచ్చిన మనిషి. బండి రాగానే పానా పట్టుకుని మీద పడే రకం కాదు. ఇంజిన్ ఆడుతుండగానే చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగాడు. చుక్క పడితే తెలిసేలా కింద పాత క్యాలెండరు కాగితం పరిచాడు. బోర్లించిన గ్రీసు డబ్బా మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. అమ్మ కోసం మాత్రం లోపలి స్టూలు తానే తెచ్చి నీడలో వేశాడు. గంట గడిచింది. పంపు మార్చమన్నాను, రేడియేటర్ మార్చమన్నాను, ఏదో ఒకటి మార్చి చావమన్నాను.

"మార్చేదానికి ఎవురైనా మారుస్తారప్పా. యాడ పోతాండాయో సూడల్ల" అన్నాడు.

లేచి బానెట్ లోపలికి తొంగి చూసి, కడిగినావా అని అడిగాడు. కడిగానని గొప్పగా చెప్పాను. అమ్మ వాంతి చేసుకున్న ప్రతిసారీ ఇంటికి రాగానే బోరు పైపు పెట్టి బండి కడిగేవాణ్ణి. సీట్లతో మొదలుపెట్టి, అదే ఊపులో బానెట్ ఎత్తి ఇంజిన్ మీద కూడా కొట్టేవాణ్ణి. ఆమెకు నేను చేయగలిగింది అదొక్కటే అనిపించేది. పైగా మురికి బండిని మేస్త్రి ముందు నిలబెట్టడం నాకు నామోషీ.

"కడగొద్దు. నాలుగు ట్రిప్పులు అట్లనే తిప్పి తీసకరా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

నాకు కాలింది. వాంతి కంపులో మా అమ్మను తిప్పమంటాడా అని తిట్టుకుంటూ వచ్చి, ఆ సాయంత్రమే కడిగాను. రెండోసారి పోతే అదే ప్రశ్న, అదే మాట. మళ్ళీ కడిగాను. మూడోసారి షెడ్డులో అందరి ముందూ నోరు పారేసుకున్నాను. చేతకాకపోతే చేతకాదని ఒప్పుకో, నా బండి నేను కడుక్కుంటే నీకేం నొప్పి అన్నాను. ఇక్కడ రాయలేనివి కూడా అన్నాను. ఆయన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ అన్నీ విన్నాడు.

"నాకింకా తెలీలేదప్పా. తెలిసినట్టు నటించి నీ బండి విప్పలేను."

తెలియదని చెప్పే మెకానిక్‌ను నేను అంతకు ముందు చూడలేదు. ఆ రోజు మాత్రం ఆ మాటకు ఒళ్ళు మండి బండిని తిరుపతికి తోలాను. అక్కడొక పెద్ద షెడ్డులో రేడియేటర్, నీళ్ళ పంపు, గొట్టాలు అన్నీ కొత్తవి వేశారు. సోమవారం వేలూరు దారి పడితే చిత్తూరు దాటీదాటగానే ముల్లు ఎర్రగీత మీద కూర్చుంది. స్టీరింగ్‌ను గుద్దాను. చెయ్యి వాచింది, అంతే. వెనక పడుకున్న అమ్మ, అసలు ఆ మేస్త్రి ఏమన్నాడని అడిగింది. చెప్పాను.

"కడగొద్దన్నాడు గదరా. కడగొద్దు. నేను ముక్కుకు కొంగు కట్టుకుంటాలే" అంది.

ఆ ట్రిప్పు నుంచి పైపు ముట్టుకోలేదు. రెండు గంటలు ముందే బయలుదేరి, డబ్బాల్లో బోరు నీళ్ళు మోసుకుని, దారిలో ఆగి ఆగి పోసుకుంటూ వెళ్ళాం. ఆయన వద్దన్నది ఇంజిన్ కడగడమే, సీట్లు కాదని నా బుర్రకు తట్టడానికి మరో ట్రిప్పు పట్టింది. అంత తెలివి నాది. అప్పటిదాకా అమ్మ నిజంగానే ముక్కుకు కొంగు కట్టుకుని పడుకుంది.

నాలుగు ట్రిప్పులయ్యాక తీసుకెళితే మేస్త్రి బానెట్ ఎత్తాడు. అరచేతంత అద్దం ముక్కను సైలెన్సర్ పైపు వెనక్కి దూర్చి, టార్చి వేసి, నన్ను రమ్మని సైగ చేశాడు. అద్దంలో ఇంజిన్ పక్కగోడ మీద దారమంత సన్నటి తెల్లగీత. మా బోరు నీళ్ళలోని ఉప్పు. నీళ్ళ దారిని మూసే చిన్న రేకు బిళ్ళ ఒకటి ఆ పైపు చాటున ఉంది. లోపలి నుంచి తుప్పు తిని దానికి సూది మొనంత చిల్లు పడింది. ఇంజిన్ బాగా కాగితే తప్ప అందులోంచి నీళ్ళు రావు. వచ్చినవి కాలే పైపు మీద పడి ఆవిరైపోతాయి. చల్లారిందా, అంతా పొడి. ఆ చిల్లు జాడ చెప్పేది ఈ గీత ఒక్కటే. దాన్ని వారానికి రెండుసార్లు నా చేతులతో నేనే కడిగేశాను.

మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. "ఉప్పు నీళ్ళు మంచివేనప్పా, గుర్తు పెట్టి పోతాయి" అని పైపు విప్పడానికి కూర్చున్నాడు. పాత బిళ్ళ పీకి, ఇత్తడిది కొట్టి, మధ్యాహ్నానికి బండి ఇచ్చేశాడు.

గీత కోసమని మొదటి రోజే ఒక్క ముక్క చెప్పి ఉంటే మా అమ్మకు అన్ని వారాల యాతన తప్పేది కదా. ఇప్పటికీ అది నాకు మింగుడుపడదు. చాలా ఏళ్ళ తర్వాత అడిగేశాను కూడా. గీత పడుతుందో లేదో అప్పుడు తనకూ తెలియదని, పడుతుందని చెబితే నేను పూటకోసారి బానెట్ ఎత్తి వేలు పెట్టి కెలికేవాణ్ణని అన్నాడు. నిజమే, కెలికేవాణ్ణే. ఆ తర్వాత నా బండ్లన్నీ ఆయన చేతి కిందే నడిచాయి. కానీ ఆ రోజు అందరి ముందూ అన్న మాటలకు, తప్పయిపోయిందని ఏనాడూ చెప్పలేదు. ఆయన మరిచిపోయాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరిచిపోయే మనిషి కాదని తెలిసి కూడా.

అమ్మ ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. బిళ్ళ వేశాక వచ్చిన మొదటి గురువారం ముల్లు కదల్లేదు, తొమ్మిదికి ముందే చేరాం. తిరిగి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఇల్లు, మంచం తప్ప ఇంకేమీ అడగని మనిషి, షెడ్డు దగ్గర ఆపమంది. ఇప్పుడెందుకని విసుక్కున్నాను. వినలేదు. డోరు పట్టుకుని దిగి, గోడ ఆసరాతో తానే నడిచింది. నేను స్టీరింగ్ వదిలి దిగను కూడా లేదు.

నా కారుకు ఎదురుగానే మేస్త్రి ఒక వ్యాను కింద వెల్లకిలా పడుకుని, గేరుబాక్సును రెండు చేతులతో ఎత్తిపట్టి ఉన్నాడు. బయటికి కనిపించేవి రెండు పాదాలే. అమ్మ వాటి ముందు ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"మేస్త్రీ, ఈ పొద్దు బండి యాడా నిలబడలేదు నాయనా. టయానికి పోయినాను."

పైకి లేవడానికి ఆయనకు వీల్లేదు, చేతుల మీద అంత బరువు. అమ్మ వైపు చాచి ఉన్న ఆ రెండు పాదాలూ మెల్లగా ముడుచుకుని, నేల మీద మట్టిని గీసుకుంటూ, వ్యాను నీడలోకి వెళ్ళిపోయాయి.