కొంగున కట్టిన ఫ్యూజు

నిన్న పొద్దున మా వంటింట్లో ఓవెన్ వేడెక్కనని మొండికేసింది. గచ్చు మీద పాత పేపరు పరిచి, దాన్ని బోర్లించి, వెనక రేకు విప్పాను. లోపల కాయిలు కొస ఊడి ఉంది. బిగించి మళ్లీ స్విచ్ వేశాక, ఎర్రబడుతున్న తీగ మీది దుమ్ము మాడి ఒక వాసన లేచింది. మా కోడలు ముక్కు మూసుకుని "అత్తయ్యా, ఏదో కాలుతోంది" అంటూ పరిగెత్తుకొచ్చింది. కాలింది దుమ్మే. కానీ ఆ వాసన తగిలిందంటే నాకు కర్నూలు వస్తుంది, కర్నూలు వెనకాలే బసమ్మ వస్తుంది. బసమ్మ వచ్చాక ఆ గొంతు ముందు ఇంకెవరి మాటా వినపడదు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కాస్త కాలంలోనే నా పెళ్లయింది. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. పెద్ద పెద్ద ఆఫీసర్లే డేరాల్లో పడుకుంటున్న ఊళ్లో గుమాస్తాలకు ఇల్లు దొరకడం అంటే మాటలు కాదు. తుంగభద్రకు దగ్గరగా, పాతూరి సందులో బసమ్మగారి ఇంట్లో వెనక వాటా మాకు దొరికింది. ఆమెది కోసిగి వైపు. భర్త రెడ్డిగారు అక్కడ భూములు చూసుకునేవాడు. ఈమె కొడుకుల చదువుల కోసం కర్నూల్లో ఇల్లు తీసుకుని, మిగిలిన గదులు అద్దెకిచ్చి, అందులో ఉన్నవాళ్లందరినీ తన కోడళ్లలాగే గదమాయిస్తూ ఉండేది. మనిషి పొడుగు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు.

కడపలో మా అమ్మావాళ్ల వంటిల్లు విశాలంగా ఉండేది. ఇక్కడిది కిటికీ లేని కొట్టు. తుమ్మకట్టెలు రాజేసి జొన్నరొట్టె కాల్చడానికి కూర్చుంటే ఒక రొట్టె అయ్యేలోపు నాకు దగ్గు తెర వచ్చేది. అది పోను పోను ముదిరింది. డాక్టరు చూసి, ఈ అమ్మాయిని పొగకు దూరంగా ఉంచమన్నాడు. మాతోపాటే ఉండే మా అత్త చెడ్డది కాదు, భయస్థురాలు. ఆమె చెల్లెలొకామె ఇలాగే దగ్గి దగ్గి పోయిందట. అందుకని మా నాయనకు కబురు పెట్టింది, వచ్చి బిడ్డను తీసుకుపొమ్మని, ఛాతీ బాగుపడ్డాకే పంపమని. అలా పంపించిన కోడలు తిరిగి ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. మా ఆయనతో నాకు అప్పటికి సిగ్గు కూడా పూర్తిగా పోలేదు. పోనని ఎవరితో అనను? బావి దగ్గర బిందె కడుగుతూ ఏడుస్తుంటే బసమ్మ చూసింది.

"ఏం పాపా, పొద్దున్నించీ దగ్గుతానే ఉండావు. ఇప్పుడు ఏడుస్తాండావు. ఏమొచ్చింది నీకు?"

"పొగ పడట్లేదు పెద్దమ్మా. నన్ను మా ఊరికి పంపిస్తారంట."

"పొగ పడకపోతే పొగను పంపల్ల గానీ, నిన్ను పంపేదేంటికి?" అని, నా సమాధానం కోసం ఆగకుండా అటక ఎక్కింది.

అటక మీంచి రెండు వస్తువులు దిగాయి. ఒకటి కరెంటు పొయ్యి: ఇనుప చట్రం, మధ్యలో గాడులు తీసిన తెల్ల పింగాణీ బిళ్ల, గాడుల్లో స్ప్రింగులా చుట్టిన తీగ. రెండోది మూతకు గాజుబిళ్ల బిగించిన గుండ్రటి ఓవెన్. ముందు వాటాలో ఉన్న ఒక ఆఫీసరు బదిలీ అయిపోతూ, ఇవి రెండూ పాడైపోయాయని వదిలేసి వెళ్లాడట.

"పాడైనవి కదా పెద్దమ్మా?" అన్నాను.

"పాడైతే బాగుచేస్తాం. కూచో ఈడ."

కూర్చోబోతే మళ్లీ లేపి వసారాలోకి తీసుకుపోయింది. గోడమీది కరెంటు బోర్డు నుంచి తెల్లటి పింగాణీ ఫ్యూజును లాగి, తన కొంగు చివర పెట్టి, గట్టిగా ముడి వేసింది. "ఇది నా కొంగున ఉన్నంతసేపూ ఈ ఇంట్లో ఎవురు ఏ స్విచ్చు నొక్కినా కరెంటు రాదు. నా చెయ్యి నాకు ఉంటాది. మొగుణ్ణి తర్వాత కట్టుకుందువు గానీ పాపా, ముందు దీన్ని కట్టుకునేది నేర్చుకో" అంది. నేను సిగ్గుపడుతుంటే ఆమెకు నవ్వే నవ్వు.

తర్వాత ముగ్గు డబ్బా తెచ్చి నేల మీద చుక్కలు పెట్టింది. పండగలా ఉందే అనుకున్నాను. మొదటి మర ఊడదీసి మొదటి చుక్క మీద పెట్టింది. దాని కింది రేకుబిళ్ల రెండో చుక్క మీద. ఏది దేని తర్వాత వచ్చిందో ఆ చుక్కకూ ఈ చుక్కకూ గీత కలుపుతూ పోయింది. పొయ్యి మొత్తం విప్పేసరికి నేల మీద ఒక ముగ్గు తయారైంది. "మతికి ఉంటాదని ఎప్పుడూ అనుకోవద్దు. గీత పట్టుకోని వెనక్కి వస్తే సామాను దానికదే కూర్చుంటాది" అంది. తెగిన తీగ కొసలు రెండూ గీకి మెరిపించి, ఒకదాని మీద ఒకటి వేసి మెలిపెట్టించింది. నా చేతే చేయించింది, తాను పక్కన కూర్చుని తిట్టింది. అంతా బిగించాక ఒక మర మిగిలిపోయింది. ఇద్దరం ముగ్గు వైపు చూశాం, పొయ్యి వైపు చూశాం. బసమ్మ ఆ మరను తీసుకెళ్లి ఊరగాయ జాడీలో పడేసింది. అందులో అప్పటికే అలాంటివి బోలెడున్నాయి. "కంపెనీవోడు ధారాళమైన మనిషి, ఎక్కువే పెడతాడు" అంది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. వాళ్ల తోటబావి దగ్గర ఆయిల్ ఇంజను ఉండేదట. అది ఆగిపోతే మేస్త్రీ డోన్ నుంచి రావాలి. ఒక ఎండాకాలం ఎంతకీ రాలేదు. "వాడు వచ్చేదాకా చెట్లు ఆగుతాయా? అవి నీళ్లడుగుతాండాయి. నేనే విప్పినా. మొదటి తూరి ఇంజను నడవల్యా. రెండో తూరి నడిచింది" అని చెప్పింది, జ్వరం వచ్చి తగ్గిందన్నంత మామూలుగా.

కరెంటు పొయ్యి వచ్చాక నా దగ్గు సద్దుమణిగింది. ఓవెన్ కూడా అలాగే విప్పి బాగుచేసుకున్నాం. ఓవెన్‌లో కేకులు చేస్తారని మాకు తెలియదు, బసమ్మ అందులో శనక్కాయలు వేయించేది. సందంతా ఆ కమ్మని వాసన. మా నాయన వచ్చేది వాయిదా పడింది. మా అత్తకు మాత్రం మంట కనపడని ఆ పొయ్యి మీద పూర్తిగా నమ్మకం కుదరలేదు. మా ఆయన మటుకు ఆఫీసు నుంచి త్వరగా రావడం మొదలుపెట్టాడు, పొయ్యి ఎలా పనిచేస్తుందో చూడాలని చెప్పి.

శ్రావణమాసం దాటి శనక్కాయ పంట చేతికొచ్చే రోజులు. కూలోళ్లు సుగ్గికని, అంటే కోతల కూలికి, పొరుగూళ్లకు వెళ్లిపోకముందే చెట్టు పీకించాలని బసమ్మ కోసిగి వెళ్లింది. అప్పుడే మా నాయన, బిడ్డ ఎలా ఉందో చూసిపోతానని, శుక్రవారం సాయంత్రం బండికి వస్తున్నట్టు కబురు చేశాడు. ఆ శుక్రవారం పొద్దున నేను బావి దగ్గర ఉండగా వంటింట్లో టప్పుమని శబ్దం వచ్చింది. పరిగెత్తి చూస్తే మా అత్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ఎదురుగా కరెంటు పొయ్యి, నిండా పేడనీళ్లు, పైన ఎర్రమన్ను, నాలుగు వైపులా పసుపు.

"ఏం చేశావు అత్తా?"

"అలికినా" అంది ఏడుపు గొంతుతో. "ఎన్ని దినాలాయె, ఒక్క తూరన్నా దానికి అలుకూ ముగ్గూ ల్యాకపాయె. అలకని పొయ్యి మీద కూడు వండితే నీ దగ్గు యాడ పూర్తిగా పోతాది? మీ నాయన వచ్చేలోగా అంతా సరిగ్గా ఉండల్లని అలికి, ఆరుతాది గదా అని స్విచ్చేసినా."

ఆమె చేతికి తగల్లేదు, అదే పదివేలు. నా మీది ప్రేమతోనే పొయ్యిని చంపేసిందని అర్థమై నాకు కోపం కూడా రాలేదు. కానీ మధ్యాహ్నం మళ్లీ తుమ్మకట్టెలు ముట్టించారు, మళ్లీ దగ్గు తెర. ఆమె నా వీపు నిమురుతూ, "మీ నాయన వస్తాండాడు గదా, ఆయనతో పో తల్లీ. నా చెల్లెల్ని చూసిన కండ్లతో నిన్ను చూడలేను" అంది. గోడ పక్కన నా పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

బసమ్మ ఉంటే బాగుండేదని కాసేపు కూర్చున్నాను. ఆమె లేదు. ఫ్యూజు తీగ పొద్దుటే కాలిపోయినా, బోర్డు దగ్గరికి వెళ్లి ఫ్యూజు లాగి నా కొంగున ముడివేసుకున్నాను. నేల మీద చుక్కలు పెట్టాను. మరలు, రేకులు, పింగాణీ బిళ్ల, అన్నీ గీత వెంబడి పేర్చాను. గాడుల్లోంచి మట్టి తోమి, అన్నీ తుడిచి, ఆ బిళ్లను మిద్దె మీద ఎండలో పెట్టాను. కర్నూలు ఎండను అందరూ తిడతారు, నేను మాత్రం ఆ రోజు దణ్ణం పెట్టాను. తీగ ఒకచోట తెగింది, కొసలు గీకి మెలిపెట్టాను. ఫ్యూజుకు కొత్త తీగ చుట్టాను. గీత పట్టుకుని వెనక్కి వచ్చాను. ఏ మరా మిగల్లేదు. బసమ్మను మించిపోయానని కాస్త గర్వం కూడా కలిగింది. ఫ్యూజు తిరిగి బోర్డులో పెట్టాను. స్విచ్ వేసే ముందు మా అత్త కళ్లు మూసుకుంది, నేనూ మూసుకున్నాను.

మొదట వాసన వచ్చింది. మాడుతున్న దుమ్ము, దానితో కొంచెం పసుపు. కళ్లు తెరిస్తే తీగ ఎర్రగా ఉంది.

మా నాయన వచ్చి కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. మా అత్తే కాఫీ తెచ్చి ఇచ్చి, "ఈ కాఫీ మీ బిడ్డ బాగుచేసిన పొయ్యి మీద కాచింది. పెట్టె సర్దినా గానీ, మళ్లీ తీసేసినా. ఆ పిల్ల పోతే దీన్ని ఎవురు చూసుకుంటారు?" అంది. మా నాయన ఏమీ అర్థంకాక కాఫీ బాగుందన్నాడు. తలుపు వెనక నిలబడి నేను నవ్వీ ఏడ్చీ చాలా అవస్థ పడ్డాను. ఆ తర్వాత అత్తాకోడళ్లం రాజీకి వచ్చాం. ముగ్గు నేలకు, బొట్టు చట్రానికి, అదీ ప్లగ్గు పీకాకే.

రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు మేమూ తరలాం. వెళ్లేరోజు బసమ్మ నన్ను పీటమీద కూర్చోబెట్టి, పుట్టింటి ఆడపడుచుకు పెట్టినట్టు ఒడిబియ్యం పెట్టింది. బియ్యం, కొబ్బరిగిన్నె, ఆకువక్క, రవికెగుడ్డ. ఆఖర్న తన కొంగు ముడి విప్పి, పాత పింగాణీ ఫ్యూజొకటి బియ్యం మధ్యలో పెట్టింది. "కొత్త ఊర్లో నేనుండను, పాపా. మేస్త్రీ వస్తాడని కూచోవద్దు, మొగుడొస్తాడని కూచోవద్దు. దీన్ని కట్టుకో, విప్పు, చూడు. పాడైతే ఇంకోతూరి పాడైతాది, అంతేగదా" అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ రోజు మెల్లగా మాట్లాడింది. మేము ఎక్కిన బస్సు కదిలేదాకా కళ్లు తుడుచుకోలేదు, ఇద్దరం.

ఆమెను మళ్లీ చూడటం కుదరలేదు. కోసిగిలోనే పోయిందని ఎప్పటికో తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఫ్యూజులు లేవు, మీట కిందికి లాగితే చాలు, ఇంటి కరెంటంతా ఆగిపోతుంది. నిన్న ఆ వాసన పోయి ఓవెన్ చల్లారాక, మా కోడలికి నేర్పుదామని మళ్లీ ఆ మీట లాగాను. లాగాక దేవుడి గూట్లోంచి అంచు పెచ్చులూడిన ఆ పింగాణీ ముక్క తీసి, కొంగున ముడివేసుకున్నాను. మా కోడలు చూసి, "అదెందుకు అత్తయ్యా, కరెంటు ఆపేశారుగా?" అని అడిగింది.

"కూచో ఈడ" అన్నాను, ముగ్గు డబ్బా అందుకుంటూ.