రూల్సత్తయ్య కుక్క

మా కుక్కల పార్కుకి రెండు గేట్లు. మొదటిది దాటి, అది మూసి, కుక్క మెడలో గొలుసు విప్పాకే రెండోది తెరవాలి. లేకపోతే ఏదో ఒకటి రోడ్డు మీదికి పరుగెత్తి బండి కింద పడుతుంది. ఆ రెండు గేట్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చునే ఆవిడే రూల్సత్తయ్య. రోడ్డుకవతల ఆవిడ కుట్టు దుకాణం. గేటు దగ్గర కూర్చోమని ఎవరూ చెప్పలేదు, పేరు మాత్రం మేం పెట్టిందే. ముఖం మీదే అలా పిలిచినా నవ్వేది. గేటు దగ్గర మాత్రం చండశాసనురాలు. బంతి తెచ్చినా, జేబులో బిస్కెట్టు దాచినా, కుక్కలు కొట్టుకుంటాయని బయటే పెట్టించేది. నన్నూ చాలాసార్లు జేబులు తిప్పి చూపించమంది. ఒళ్ళు మండేది నాకు.

భర్త పోయాక ఆవిడకు మిగిలిన తోడు బొగ్గు. పేరుకు తగ్గ నలుపు. వానలో తడిసి కుట్టు మిషను కింద దూరిన కుక్కపిల్లను ఆయనే సాకాడు. ఆయన పోయాక అది తిండి ముట్టకుండా గుమ్మంలోనే పడి ఉండేదట. "పార్కుకి తీసుకొచ్చాకే మళ్ళీ మనిషైంది" అనేది ఆవిడ. ఆ మాట ఆవిడకూ వర్తిస్తుందని మాకు తెలుసు.

కరిచిన కుక్కను మళ్ళీ రానివ్వకూడదన్న నియమం ఆవిడ పట్టుబట్టి పెట్టించిందే. పార్కులో ఇంకో కుక్క కరిచిన ఒక చిన్న కుక్క ఆవిడ ఒళ్ళోనే ప్రాణం విడిచింది. అప్పటి నుంచీ అంతే. ఆ నియమం కిందే ఒకరోజు ఓ వ్యాన్ డ్రైవర్ కుక్కను ఆపేసింది. అతను గేటు పట్టుకుని బతిమాలాడు.

"ఇంకో కుక్క చెవి పట్టుకుందంతే అత్తయ్యా, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. మాది ఒకటే గది. ఇది పరుగెత్తకపోతే ఊరికే ఉండదు, అరిచి గోల చేస్తుంది."

"నీకో రూలు, ఇంకొకళ్ళకో రూలు ఉండదు బాబూ."

అతను కుక్కను లాక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత బొగ్గు ముసలిదైంది. కళ్ళకి పొర కమ్మింది. ఓ సాయంత్రం మా పిల్లకుక్క వెనక నుంచి ఎగిరి దాని మీద పడింది. బొగ్గు బెదిరి, గిరుక్కున తిరిగి దాని కాలు పట్టేసింది. కుట్లు పడ్డాయి. తప్పు మా పిల్లకుక్కదేనని అందరి ముందూ చెప్పాను. ఆవిడ విన్నట్టే లేదు. బొగ్గు మెడకు గొలుసు తగిలించి, తన చేత్తోనే రెండు గేట్లూ వేసి, బయటికి తీసుకెళ్ళిపోయింది.

మర్నాడు మామూలుగానే వచ్చి స్టూలు మీద కూర్చుంది. అవతల దుకాణంలో కట్టేసిన బొగ్గు ఏడుపు అందరికీ వినిపిస్తోంది. అది రోజూ ఏడ్చేది. వినలేక మాకే ప్రాణం ఉసూరుమనేది. మళ్ళీ తిండి మానేసిందట, చిక్కి సగమైంది. ఆఖరికి మేమంతా కూడబలుక్కుని, అందరూ వెళ్ళిపోయాక కరిచిన కుక్కలు ఒక్కొక్కటీ విడిగా తిరగొచ్చని తీర్మానించాం. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ముందు ఆ వ్యాన్ అబ్బాయికి చెప్పాలి. వాడి కుక్క తిరిగాకే నాది. నువ్వు కూడా రా అమ్మాయ్."

మేం వెళ్ళేసరికి అతను గది ముందు వ్యాన్ కడుగుతున్నాడు. సంగతి విని, చేతిలో గుడ్డ పిండుతూ నిలబడ్డాడు.

"ఇంకెందుకులెండి అత్తయ్యా. దాని అరుపులకి ఇంటాయన గది ఖాళీ చెయ్యమన్నాడు. ఊరి బయట తెలిసినవాళ్ళ తోటలో వదిలొచ్చాను. నాకోసమే బయల్దేరినట్టుంది, తాడు కొరుక్కుని పారిపోయింది. మళ్ళీ కనపడలేదు. మీరు బొగ్గును తిప్పుకోండి. నాకేం కోపం లేదు."

ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది.

"దాని పేరేంటి బాబూ?"

"చుక్కి."

"అన్నాళ్ళు గేటు తీసి లోపలికి పంపాను, ఒక్కనాడూ పేరడగలేదు" అని దారి పొడవునా ఆవిడది అదే మాట. నేనేం చెప్పినా చెవికెక్కలేదు.

బొగ్గు మళ్ళీ పార్కులోకి రాలేదు. మేం వంతులేసుకుని గేటు చూసుకుంటున్నాం. ఆవిడ సాయంత్రాలు దుకాణం మూసేసి, బొగ్గును వెంటబెట్టుకుని ఊరి బయట తోటల దారిన తిరుగుతోంది. నిన్న అటు వెళ్తుంటే కనిపించింది. బొగ్గు నడవలేక చతికిలబడితే చంకనెత్తుకుని, "చుక్కీ, చుక్కీ" అని చెట్లలోకి పిలుస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

"చీకటి పడుతోంది, ఇంటికి పదండి అత్తయ్యా."

"ఈ ఒక్క తోటా చూసి వస్తానమ్మాయ్" అంది.