కోషర్ సీసా, నా చెయ్యి

సూర్యాపేటలో మా సంఘం వాళ్ళు ప్రభువు బల్ల ఆరాధనలో తీసుకునే ద్రాక్షరసం కాచేది నేను. ఆ రసం విషయంలో నేను అడిగిన ప్రశ్నకు ఇప్పటిదాకా ఒక్కరూ జవాబు చెప్పలేదు. చర్చి మెట్ల దగ్గర అడిగితే తర్వాత మాట్లాడదామన్నారు. పాస్టర్ గారి ఇంటికి పోతే టీ ఇచ్చి పంపారు. అందుకే రాస్తున్నాను.

నాది మోటారు వైండింగ్ పని. నెలలో మొదటి ఆదివారానికి ముందురోజు షాపు తొందరగా మూసి, నల్లద్రాక్ష కొనుక్కొని ఇంటికి పోయేవాణ్ణి. వార్నిష్ వాసన పోయేదాకా చేతులు సబ్బుతో రుద్దుకునేవాణ్ణి. మా ఆవిడ ద్రాక్ష కడిగి ఇస్తే, తోలు చిట్లేదాకా స్టీలు గిన్నెలో ఉడికించి, తెల్లగుడ్డలో వడకట్టి, చక్కెర వేసి మళ్ళీ మరిగించేవాణ్ణి. మా నాన్న తర్వాత ఈ పని నాకు వచ్చింది. పెద్దల కమిటీలోకి నన్నెప్పుడూ పిలవలేదు. సంఘంలో నాకంటూ ఉన్న చోటు ఆ గిన్నె దగ్గరే.

మా సంఘ పెద్దకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. వాళ్ళ తాతలు భూములున్న కులం నుంచి సంఘంలోకి వచ్చారు. మా తాతలు అట్లాంటి వాళ్ళ పొలాల్లో పనిచేస్తూ వచ్చారు. ఇద్దరిదీ ఒకటే బాప్తిస్మం అని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఆ పెద్దాయన పవిత్ర దేశ యాత్రకు పోయి కోషర్ వైన్ తెచ్చారు. యూదులు తమ ధర్మశాస్త్రం ప్రకారం, తమ వాళ్ళ చేతులతోనే చేసే వైన్ అది.

ఆ ఆదివారం ఆరాధనకు ముందు, ప్రసంగ వేదిక వెనక గదిలో సీసా బల్ల మీద ఉంది. ఎప్పటిలాగే చిన్న కప్పుల్లో పోద్దామని చెయ్యి చాచాను. సంఘ పెద్ద నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు. అది కోషర్. అందరి చేతులు తగలొద్దు దానికి."

"మరి మీ చెయ్యి?" అన్నాను.

"నేను ఆ దేశం పోయొచ్చినోణ్ణి."

నవ్వుతూనే అన్నారు. నా చిన్నప్పుడు పెద్దవూరలో, హోటల్ బయట గూట్లో మాకు వేరే గ్లాసు ఉండేది. ఆయన పట్టు వదిలేదాకా నాకు ఆ గూడే కనిపించింది. పాస్టర్ గారు అక్కడే ఉన్నారు. పళ్ళెంలో కప్పులు సర్దుతున్నారు. సర్దడం అయిపోయినా తల ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక, వచ్చే నెల నుంచి రసం తేనక్కర్లేదని పాస్టర్ గారే మెల్లగా చెప్పారు. కప్పులు కడగడానికి మాత్రం నా చేతులు పనికొచ్చాయి. కడిగాను. ఖాళీ సీసా సంచిలో వేసుకున్నాను. నేను కాచిన రసం ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడ గ్లాసులో పోసుకొని తాగి, "చక్కెర సరిపోయింది" అంది.

తర్వాత ఆ వైన్ మీద మోజు ఊర్లు దాటింది. కోదాడ కూటాల్లో సంఘ పెద్ద ఇంకో సీసా ఎత్తి చూపిస్తే జనం ఫోటోలు తీసుకున్నారు. మిర్యాలగూడ సంఘం తమకూ కావాలంది. జన్మలో వైన్ ముట్టనివాళ్ళు కూడా రుచి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నా రసం గురించి అడిగినవాళ్ళు లేరు.

చిలుకూరులో ఉండే మా అన్న బిడ్డ ఆ దేశంలోనే ఒక ముసలమ్మను చూసుకునే పని చేస్తుంది. సెలవు మీద వచ్చిందని తెలిసి, సీసా పట్టుకొని పోయాను. ఆమె లేబుల్ మీద వేలు పెట్టి, నవ్వింది.

"చిన్నాయనా, ఇది కాచిన వైన్. గీడ రాసే ఉంది సూడు. దీన్ని ఎవరైనా పోయొచ్చు. ప్రతి శుక్రవారం ఆ ముసలమ్మకు నేనే పోస్త."

కాచనిది అయితే వేరే లెక్క అని చెప్పింది. ద్రాక్ష తొక్కిన దగ్గర నుంచి దాన్ని వాళ్ళ మతస్థులే ముట్టుకోవాలి, ఇంట్లో కూడా వాళ్ళే పోయాలి. ఒకప్పుడు చిక్కటి తీపి వైనే ఉండేదట. ఇప్పుడు రకరకాలు చేస్తున్నారని, ఎక్కడెక్కడి దేశాల్లోనో తయారవుతోందని, ఆ మతంతో సంబంధం లేనివాళ్ళు కూడా కొంటున్నారని చెప్పింది. పదిమంది పోసే చోటికి కాచినదే వాడతారట.

"కాచనిది ముట్టొద్దంటే నీకు బాధ కాలేదా?" అని అడిగాను.

"మొదటి రోజే కూసోబెట్టి చెప్పిండ్రు. అది వాళ్ళ పద్ధతి. వాళ్ళ పక్కనే నాకు కుర్చీ ఏస్తరు, కలిసే తింటం. నీ చెయ్యి పట్టింది వాళ్ళు కాదు కదా."

తిరుగు బస్సులో సీసా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. కాచినదైతే ఎవరి చెయ్యి తగిలినా చెడదని ఆ ధర్మమే చెబుతోంది. మరి నేను ఇన్నేళ్ళూ కాచిందీ మరిగించిన రసమే కదా. నా చెయ్యి పట్టుకున్నది ఏ ధర్మమో తెలియాలి.

పోయిన వారం మిర్యాలగూడలో అన్ని సంఘాలూ కలిసిన కూటంలో లేచి నిలబడ్డాను. సీసా ఎత్తి, లేబుల్ మీద ఏముందో చెప్పాను. ఆ రోజు నన్నెందుకు ఆపారని అడిగాను. సంఘ పెద్ద వాచీ చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో "కూసో అన్నా, ఇగ సాలు" అన్నారు. నేను కూర్చోలేదు. పాస్టర్ గారు మైకు దగ్గరికి వచ్చి, "ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అన్ని వందల తలలు వంగి ఉంటే, సీసా పట్టుకొని నేనొక్కణ్ణే నిలబడ్డాను.

రేపు మొదటి ఆదివారం. ద్రాక్ష ఉడుకుతోంది, ఇల్లంతా ఆ వాసనే. మా ఆవిడ గుడ్డ ఉతికి ఆరేసింది. రసం తెస్తాను. కోషర్ సీసా ఉన్నా సరే, లేకపోయినా సరే, కప్పుల్లో పోయడానికి చెయ్యి చాస్తాను.

పాస్టర్ గారూ, ఈసారి ప్రార్థన మొదలుపెట్టకండి, పళ్ళెం వైపు చూడకండి. ఆ గదిలో మీరు ఉన్నారు, చూశారు. నా చెయ్యి తగిలితే చెడిపోయేది ఏమిటో నా ముఖం చూసి చెప్పండి.