మామగారి మడమ, నా ప్రదర్శన

నాలుగేళ్ళ కిందటి కార్తీక మాసం, రెండో ఆదివారం, ఉదయం ఆరున్నర గంటలు. ఒక విద్యావంతుడి పతనం సరిగ్గా అప్పుడే, ఉక్కునగరంలోని మా మామగారి క్వార్టరులో మొదలైంది. ఆ విద్యావంతుణ్ణి నేనే.

ఆనందపురం పక్కన మా పల్లెలో, మా వంశం మొత్తానికి మొదటి పట్టభద్రుణ్ణి. చదివింది ఫిజియోథెరపీ, కొలువు మద్దిలపాలెంలో ఒక చిన్న క్లినిక్కులో. పండక్కి బట్టలు ఇస్త్రీ చేసినట్టు ప్రతి మాటనూ ఇస్త్రీ చేసి మాట్లాడేవాణ్ణి.

ఆ ఉదయం మామగారు మంచం దిగి, "అమ్మా" అని మళ్ళీ కూలబడ్డారు. స్టీలు ప్లాంటులో బరువైన బూట్లతో ఏళ్ళ తరబడి నిలబడి చేసిన ఉద్యోగం ఆయనది. నేను గొంతు సవరించుకునేలోపే ఆయన ఫోను అందుకున్నారు.

"సూరిబాబూ, నెగిసి కాలు కింద ఎడితే మడమలో మేకు దిగినట్టుంటంది. ఓపాలి రా."

సూరిబాబు నా తోడల్లుడు, ఇంటికి చిన్నల్లుడు. గాజువాకలో జిమ్ము నడుపుతాడు. అతని చొక్కా చేతులు ఎప్పుడు చిరుగుతాయోనని చూసేవాళ్ళకు భయం. ఇంట్లో పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేనుండగా ఫోను అతనికా! నా కడుపులో కుక్కరు ఈల వేసింది.

అతను గడ్డకట్టిన నీళ్ళ సీసాతో వచ్చి, మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, సీసా అరికాలి కింద పెట్టాడు.

"మెల్లగా దొర్లించు మావా. అరికాలి పొర బిగిసిపోనాది, అంతే."

"హాయిగున్నాదిరా," అన్నారు మామగారు.

పాఠకులారా, అతను చెప్పింది ముమ్మాటికీ సరైనది. నా దుఃఖమంతా అదే. తప్పు చెప్పి ఉంటే ఎంతగా ప్రేమించేవాణ్ణో!

"పొర అంటే సరిపోదు తమ్ముడూ, దాన్ని ఫేషియా అంటారు," అని అందుకున్నాను. "మామయ్యగారూ, బత్తాయి తొనల చుట్టూ తెల్లటి పొర ఉంటుంది కదా? మన ఒంట్లోనూ అలాంటి అల్లికే తల నుంచి పాదం దాకా ఉంటుంది. కండరాలనూ ఎముకలనూ చుట్టి, దేని చోట దాన్ని పట్టి ఉంచుతుంది. అది లేకపోతే మనం గోనె విప్పిన బంగాళాదుంపలమే."

మామగారు వంటింటి వైపు తిరిగారు. "బత్తాయిలుంటే తేయే. పెద్దల్లుడికి ఆకలేత్తన్నట్టుంది."

అక్కడ ఆగవలసింది. కానీ సూరిబాబు నవ్వాడు.

"కూర్చుని దొర్లిస్తే కొంతే ఫలితం," అన్నాను. "బరువంతా మోపి నిలబడి చేయడమే శాస్త్రీయం." ఈ వాక్యం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"వద్దన్నయ్యా, సీసా తడిగున్నాది."

"పట్టా ఎవరికుంది తమ్ముడూ?" అంటూ సీసా ఎక్కాను.

సీసా వీధి గుమ్మం వైపు, నేను మామగారి బూట్ల స్టాండు వైపు బయలుదేరాము. అరికాలిలో పుట్టిన నొప్పి పిక్క మీదుగా నడుము దాకా పాకింది. ఒళ్ళంతా ఒకటే అల్లిక అన్న సంగతి ఇంత స్పష్టంగా ఏ ప్రయోగశాలలోనూ రుజువై ఉండదు.

"ఏటైనాది?" అంటూ అత్తగారు బత్తాయిలతో పరుగున వచ్చారు.

"ఏటీ నేదు," అన్నారు మామగారు. "పాఠం ఇంకా అవనేదు. అల్లుడు పొర మొత్తం సూపిత్తన్నాడు."

సూరిబాబు నన్ను సిమెంటు బస్తాలా ఎత్తి కుర్చీలో దించాడు. సీసా తెచ్చి నా అరికాలి కిందే పెట్టాడు. "కూకుని, మెల్లగా, అన్నయ్యా."

అందుచేత, పట్టా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక నిలబడి ఎవరి మీదా అసూయపడను. కూర్చునే పడతాను.

సూరిబాబు ఇప్పుడు మడమ నొప్పి వాళ్ళందరినీ నా క్లినిక్కుకే పంపుతున్నాడు. నేను వాళ్ళను ముందు కుర్చీలో కూర్చోబెడతాను.