వెనక సీటు కబుర్లు

మా ఆయన దిండు మీద తల పెట్టగానే గురక. "అదృష్టవంతుడమ్మా, ఇలా పడుకుంటే అలా నిద్ర పట్టేస్తుంది," అని మా అత్తగారు మురిసిపోయేవారు. ఏం అదృష్టమో! ఆ గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. నేను కంగారుగా భుజం పట్టి కుదిపితే, ఒక్కసారి ఎగశ్వాస తీసి మళ్లీ మొదలుపెట్టేవారు. పగలంతా కునికిపాట్లు. ఆఫీసు కుర్చీలో, కంచం ముందు, ఆఖరికి స్కూటర్ మీద కూడా.

మేముండేది బందరులో. ఆదివారాలు గుడివాడలో ఉన్న మా అమ్మాయి ఇంటికి స్కూటర్ మీద వెళ్లేవాళ్లం. ఒకసారి పెడన దాటాక ఆయన తల ముందుకు వాలడం అద్దంలో చూశాను. అప్పటినుంచి వెనక కూర్చుని ఆపకుండా మాట్లాడేదాన్ని. నిజానికి నేను మాటకారిని కాను. అయినా పక్కింటి గొడవలు, కూరల ధరలు, చూడని సీరియల్ కథలు కూడా కల్పించి చెప్పేదాన్ని.

"అబ్బ, నోరు మూయవే! బుర్ర తినేస్తున్నావు," అని ఓ రోజు కసిరారు. ఆ మధ్య ఆయనకు కోపం, మతిమరుపు మరీ ఎక్కువయ్యాయి. నాకూ ఒళ్లు మండింది. "సరేనండీ, హాయిగా నడుపుకోండి," అని మూతి ముడుచుకు కూర్చున్నాను. గుడ్లవల్లేరు ఇంకా రానేలేదు, బండి రోడ్డు దిగి చేపల చెరువు గట్టును గుద్దుకుంది. ఆయనకేమీ కాలేదు గానీ నా చెయ్యి విరిగింది.

డాక్టరుగారు ఆయన నిద్రను పరీక్ష చేయించారు. "నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందండీ. మెదడుకు ఆక్సిజన్ చాలట్లేదు. ఈ చిరాకు, మతిమరుపు దానివల్లే కావచ్చు," అని, ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే మెషీన్ రాశారు.

"మతిమరుపు పోతుందాండీ?" అని అడిగాను.

"చూద్దామమ్మా," అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

కొన్ని నెలలకు గురక పోయింది, కునికిపాట్లు పోయాయి, కసరడం తగ్గింది. నా చెయ్యీ అతికింది. ధైర్యం చేసి మళ్లీ బండెక్కాను. ఆయన నిటారుగా కూర్చుని నడుపుతుంటే నేను నోరు మూసుకుని చేలు చూస్తూ కూర్చున్నాను. ఎంత సుఖంగా ఉందో!

పెడన సెంటర్లో ఆయన బండి పక్కకు ఆపారు. నిద్రమత్తేమీ లేదు, కళ్లు తేటగానే ఉన్నాయి. రోడ్డు ఇటూ అటూ చూసి, "మనం ఎక్కడికే వెళ్తున్నాం?" అని అడిగారు.

"అదేంటండీ? గుడివాడ! అమ్మాయి ఇంటికి!"

"తెలుసులేవే, ఊరికే అన్నాను," అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. ఆయన బండి దిగి, నేను అడగకుండానే తాళం నా చేతిలో పెట్టి, బస్టాపు వైపు నడిచారు.