కొక్కానికి కట్టిన గొలుసు

తాండూరు స్టేషనులో దిగే లోపలే పశువుల డాక్టరు మూడుసార్లు పెట్టె మూత తీసి చూశాడు. వికారాబాదు దాటాక ఒకసారి, మధ్యలో బండి ఊరికే ఆగినప్పుడు ఒకసారి, ప్లాట్‌ఫారం రాబోతుండగా మరోసారి. చెక్కపెట్టె, లోపల రేకు, రెంటికీ నడుమ రంపపు పొట్టు. రేకు డబ్బాలో ఐసు గడ్డలు, వాటి మధ్య గాజు బుడ్లలో టీకా మందు. బషీరాబాదు వైపు పల్లెల్లో పశువులకు ముసర వ్యాధి పాకిందని తెలిసి హైదరాబాదు నుంచి తెస్తున్నాడు. ఆ సంగతి రాసి పంపమని పత్రిక వాళ్లు చెబితే నేను వికారాబాదులో ఆయనున్న రైలుపెట్టెలోకి ఎక్కాను.

"ఐసు ఉన్నంతసేపే ఇది మందండీ. కరిగిపోతే ఉత్త పొడి" అన్నాడు డాక్టరు. కోస్తా మనిషి. రెండు ప్రాంతాలు కలిసి ఒకే రాష్ట్రం అయ్యాక ఇటు బదిలీ అయి వచ్చాడు.

"మూత తీసినప్పుడల్లా ఇంకాస్త కరుగుతుంది కదా?"

"తెలుసండీ" అన్నాడు. అని మళ్లీ తీశాడు.

స్టేషను బయట జీపు ఉంది. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు అది. ఒక బండల గని యజమాని కొనుక్కుని, వెనక ట్రాలీ తగిలించి నాపరాళ్లు లాగించుకునేవాడు. ఆ రోజుకు ట్రాలీ విప్పి డాక్టరుకు ఇచ్చాడు. ట్రాలీ తగిలించే కొక్కెం మాత్రం జీపు వెనక అలాగే ఉంది. డ్రైవరు దాన్ని నూనె గుడ్డతో తుడిచి నాకు చూపించాడు. పాతది అరిగిపోతే తాండూరులో కమ్మరి దగ్గర తానే దగ్గరుండి కొట్టించాడట. "రోజుకు ఎన్ని బండలు గుంజుతదో ఎరికేనా సార్? లారీకి సుత గింత గట్టిది ఉండది."

రోడ్డు నుంచి ఊరికి బండిబాట చీలే చోట ఒకాయన గొంగడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. ఊరివాళ్లు దారి చూపడానికి పంపిన మనిషి. తాతల నాటి నుంచి గొర్ల కాపరులు. ఈయన మాత్రం రెండేళ్ల కిందట గొర్లన్నీ అమ్మి ఎడ్ల జత కొన్నాడు. మిరుగం కార్తె వానలు పడ్డాయి, కంది విత్తాలి. జీపు ఎక్కుతూనే డాక్టరును అడిగింది ఎడ్ల గురించే.

"పొద్దుగాల చెవులు పట్టి చూసిన సారూ. రెండిటియి సల్లగనే ఉన్నయి. జల్ది సూది ఏస్తే బతుకుతయి కదా?"

"జ్వరం రాకముందు వేస్తే భయం లేదు" అన్నాడు డాక్టరు.

రోడ్డు దిగి ముప్పై అడుగులు పోయామో లేదో జీపు నల్లరేగడిలో దిగబడింది. డ్రైవరు ముందుకు, వెనక్కు నడిపి చూశాడు. చక్రాలు తిరిగినకొద్దీ మట్టి ముద్దలు ముద్దలుగా ఎగిరి మా మీద పడింది. చివరికి జీపు కడుపు నేలను ఆనుకుంది.

ఇలాంటప్పుడు ఎక్కడైనా రెండు జతల ఎడ్లను కడతారు. ఆ మాటే అన్నాను. కాపరి తల అడ్డంగా ఊపాడు. "ఊరు కట్టేసినం సారూ. అమ్మవారికి మొక్కి పొలిమేర చుట్టు నీళ్లు పోసినం. సూది పడేదాంక ఎద్దు కొట్టం దాటొద్దు, కాడి ఎత్తొద్దు. పక్క ఊరోళ్లు మా దిక్కు ఎడ్లను తోలరు." డాక్టరు కూడా ఆ కట్టడి మంచిదే అన్నాడు. పశువులు కలవకపోతే రోగం పాకదు. అలా ఆ ఊరిని కాపాడుతున్న కట్టడే మమ్మల్ని దాని గడపలో ఆపేసింది.

కాపరి పెట్టె వైపు చూశాడు. "రెండు కోసులే కదా. నా నెత్తికి ఎత్తున్రి, గొంగట్ల చుట్టుకొని పోత. నా ఎనక మీరు నడువున్రి."

డాక్టరు పెట్టె మీద చెయ్యి వేశాడు. "సర్కారు మందయ్యా. కింద పడితే జవాబు చెప్పుకోవలసింది నేను."

"పది మినిట్లల బయటపడ్తం, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు డ్రైవరు. "బండల లారీలు గీ రోడ్డు మీదనే పోతయి."

లారీ వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆలోగా డాక్టరు మూత ఎన్నిసార్లు తీశాడో లెక్కపెట్టడం నేను మానేశాను. నేనూ ఒకచోట నిలవలేకపోయాను. రోడ్డెక్కడం, దిగడం, వాచీ చూసుకోవడం. కాపరి ఒక్కడే కూర్చున్నాడు గాని, ఆయన కుడిచేతి వేళ్లు బొటనవేలి మీద ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి, చెవి పట్టి చూస్తున్నట్టు.

లారీ నిండా బండలు. డ్రైవరు మంచివాడు, అడగగానే గొలుసు ఇచ్చాడు. మా డ్రైవరు దాని కొస తీసుకుపోయి తన కొక్కానికి తగిలించాడు.

కాపరి లేచి దగ్గరికి వచ్చాడు. "దానికెందుకు కడ్తున్నవు? ఎద్దు బురదల పడ్తే తోక పట్టి గుంజుతమా? నడుముకు తాడేస్తం. కింద ఇరుసుకు కట్టు."

ఇరుసు బురదలో ఉంది. దానికి కట్టాలంటే వెల్లకిలా పడుకుని చేతులతో మట్టి తోడాలి. డ్రైవరు ఇస్త్రీ ఖాకీ తొడుక్కుని ఉన్నాడు.

"పెద్దయ్యా, నువ్వు గొర్లు కాసినవా, జీపులు కాసినవా?"

"గొర్లే కాసిన. గొర్రెను సుత తోక పట్టి గుంజలే."

లారీ డ్రైవరు నవ్వాడు. మా డ్రైవరు నవ్వలేదు. "బండలు గుంజే కొక్కెం ఇది. ఝట్కా ఇయ్యి భాయ్, ఒక్క ఝట్కాకు వస్తది."

ట్రాలీ అయితే చక్రాల మీద దొర్లుతూ వస్తుంది. కడుపు దాకా రేగడి పట్టుకున్న జీపు అలా రాదు. ఈ తేడా అప్పుడు మాకెవరికీ తట్టలేదు. డాక్టరు పెట్టె ఎత్తుకుని పక్కకు వచ్చాడు. కాపరి నా చెయ్యి పట్టి గట్టు మీదికి లాగాడు. "పేపరు సారూ, తాడుకు ఎదురంగ నిలవడొద్దు." లారీ కొంచెం వెనక్కు వచ్చి, గొలుసు వదులు చేసుకుని, ఒక్కసారిగా ముందుకు దూకింది.

చప్పుడు ముందు వినబడింది. కొక్కెం రెండు బోల్టులతో సహా ఊడి, గొలుసు కొసన గాలిలో లేచి, లారీలో పైనున్న బండను కొట్టింది. బండ రెండు ముక్కలైంది. అంతకు ముందు నేను నిలబడ్డ చోటు మీదుగానే పోయింది అది. జీపు జానెడు కూడా కదలలేదు. లారీ డ్రైవరు దిగి, పగిలిన బండను చూసి, తన తలను ఒకసారి తడుముకుని, గొలుసు చుట్టుకుని వెళ్లిపోయాడు.

డాక్టరు పెట్టె మూత తీశాడు. ఈసారి చెయ్యి లోపలే ఉంచాడు. "ఇంకో రెండు గంటలు, అంతే" అని కాపరి వైపు తిరిగాడు. "నువ్వు మోస్తావా?"

తాను ముందే అన్న మాటను కాపరి గుర్తుచెయ్యలేదు. గొంగడి దులిపి పెట్టె చుట్టూ రెండు మడతలు చుట్టాడు. మేమిద్దరం ఎత్తి తల మీద పెట్టాం. ఆయన నడక మాకు పరుగైంది. చెప్పులు రేగడిలోనే వదిలేశాను. వెనక్కి తిరిగి చూస్తే డ్రైవరు ఖాకీ బట్టలతోనే జీపు కింద పడుకుని ఇరుసు దగ్గర మట్టి తోడుతున్నాడు.

పొద్దు గుంకుతుండగా ఊరు చేరాం. డబ్బాలో నిమ్మకాయంత ఐసు మిగిలింది. బుడ్లు చల్లగానే ఉన్నాయి. పెట్టె మోసిన మనిషి ఎడ్లకే ముందు వేద్దామన్నాడు డాక్టరు. ఊరివాళ్లు ఎవరూ కాదనలేదు.

కాపరి ఎడమవైపు ఎద్దు చెవి పట్టుకున్నాడు. తల ఊపాడు. డాక్టరు సూది వేశాడు. రెండో ఎద్దు చెవి పట్టుకున్నాడు. వదిలాడు. చెయ్యి గోచికి తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాడు. డాక్టరు జ్వరమాని పెట్టి లాంతరు వెలుగులో చూశాడు, సూది పక్కన పెట్టేశాడు.

"దీనికి వెయ్యను. వచ్చేసింది."

"పొద్దుగాల సల్లగుండె సారూ."

డాక్టరు సూదిలో మందు నింపుకుంటున్నాడు.

"మనం పొద్దుగాలనే వచ్చుంటే?"

"చెప్పలేనయ్యా" అన్నాడు డాక్టరు. "లోపల ముందే ఉండి ఉండొచ్చు. లేకపోనూ వచ్చు. చెప్పలేను."

నా జేబులో కాగితం, పెన్సిలు ఉన్నాయి. తీయలేదు. ఆ మర్నాడు పంపిన వార్తలో మందు ఊరు చేరిందని రాశాను, అది నిజమే. కొక్కెం సంగతి రాయలేదు.

డాక్టరు చెప్పినట్టు జతను విడదీయాలి. కాపరి మంచి ఎద్దును విప్పి కొట్టం బయటికి మళ్లించాడు. అది గడప దగ్గర కాళ్లు తన్నిపట్టి వెనక్కి చూస్తూ నిలబడింది. ఆయన ముక్కుతాడు వదిలేశాడు. పక్కకు వచ్చి, దాని నడుముకు భుజం ఆనించి, మెల్లగా తోసుకుంటూ తీసుకుపోయాడు.